చదువుకోసమని కొనే ఆటల కంప్యూటరు

మన ప్రవాసాంధ్ర కుటుంబాలలో కంప్యూటరు కొనే రోజు వచ్చిందంటే ఇంటిల్లిపాదీ కలిసి ఒక మర్యాదస్తుల అబద్ధం ఆడుకోవడం రివాజు. హైస్కూలులో అడుగుపెట్టిన అబ్బాయి "స్కూలు ప్రాజెక్టులకి కావాలి నాన్నా" అంటాడు. "చదువుకోసమే కదండీ, కొనిపెట్టండి" అని తల్లి సిఫారసు చేస్తుంది. తండ్రి గంభీరంగా తల ఊపుతాడు. ఆ యంత్రం మీద వ్యాసాలు రాసే గంటలకంటె ఆటలాడే గంటలే ఎక్కువగా ఉంటాయని ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ ఆ మాట ఎత్తరు. ఈ మధ్య ఈ అబద్ధానికి కొత్త చొక్కా తొడిగారు. "ఏఐ నేర్చుకుంటాను" అంటే ఇక ఎదురు చెప్పే తండ్రి లేడు.

ఆటలకోసం కొనే కంప్యూటరును ఆటల కంప్యూటరనే పిలిచి కొనవలసిందిగా పాఠకులకు మనవి చేయడానికే ఈ వ్యాసం. పిల్లలకు సత్యవాక్పరిపాలన నేర్పే ఉద్దేశంతో ఈ మాట అనడం లేదు; హరిశ్చంద్రుడి కథకు ఈ సంచికలో వేరే పుటలు దొరుకుతాయి. నా అభ్యంతరం సాంకేతికమైనది. అసలు పని ఏమిటో దాచిపెట్టి కొన్న యంత్రంలో ఏ భాగానికి ఎంత ఖర్చు పెట్టాలన్న లెక్క మొదటినుంచీ తప్పుతుంది. వెయ్యి డాలర్లు పెట్టినా, మూడువేలు పెట్టినా తప్పు తప్పే.

మా ఊళ్ళో మాకు బాగా కావలసిన కుటుంబం ఒకటి ఉన్నది. కొన్నేళ్ళ క్రితం వారు అబ్బాయి "చదువుకోసం" తయారుగా బిగించి అమ్మే పెట్టె ఒకటి కొన్నారు. పదహారు కోర్ల ప్రాసెసరు, 64 గిగాబైట్ల మెమరీ, కావలసినంత డిస్కు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. చదువుకు అది ఎందుకని ఎవరూ అడగలేదు. ఆటలు నత్తనడక నడిచాయి. అబ్బాయి వేసవి సెలవుల్లో ఈత కొలను దగ్గర పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో ఒక కార్డు కొని తెచ్చుకొన్నాడు. పెట్టె విప్పి చూస్తే కార్డు పొడుగుకు చోటు చాలలేదు. పవరు సప్లై ఆ కంపెనీ సొంత ఆకారంలో చేయించుకొన్నది. కార్డుకు విద్యుత్తు అందించే తీగే దానిలో లేదు. "ఇంత డబ్బు పోసి కొన్నది ఆటకు పనికిరాదా?" అని తండ్రి ఆశ్చర్యపోయాడు. చెప్పిన పనికి ఆ యంత్రం భేషుగ్గా సరిపోయింది. చెప్పిన పని వేరు, చేయించిన పని వేరు. అబ్బాయి కార్డును తిరిగి ఇచ్చివేసి, మరుసటి వేసవిదాకా ఆగవలసివచ్చింది.

ఆ తండ్రిని తప్పు పట్టలేము. మన తరంలో చాలామందికి కంప్యూటరు కొనడమంటే ప్రాసెసరును, మెమరీని చూసి కొనడమే. 1990 దశకంలో సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో మెట్లెక్కి దిగి, ఒక కొట్లో బోర్డు, మరొక కొట్లో ర్యాము బేరమాడి "అసెంబుల్డ్" కంప్యూటరు కట్టించుకొన్నవారు ఈ సంఘంలో చాలామందే ఉంటారు. మెగాహెర్ట్జ్ ఎంత, మెగాబైట్లు ఎన్ని, ఇవే ఆనాటి ప్రశ్నలు. అప్పటికి అవి సరైన ప్రశ్నలే. 1993లో వచ్చిన డూమ్ ఆటలో తెరమీది ప్రతి చుక్కనూ ప్రాసెసరే లెక్కగట్టి గీసేది. 1996లో త్రీడీఎఫ్ఎక్స్ సంస్థ వూడూ కార్డు తెచ్చిన తరువాత ఆ భారం వేరే చిప్ మీదికి బదిలీ కావడం మొదలైంది. 1999లో ఎన్విడియా తన జీఫోర్స్ 256ను "జీపీయూ" అనే కొత్త పేరుతో అంగడిలో పెట్టింది. ఆ తరువాత పావు శతాబ్దం గడిచింది. యంత్రం మారిపోయింది, మన ప్రశ్నలు మాత్రం పార్క్ లేన్ మెట్లమీదే ఉండిపోయాయి.

ఈ రెండు చిప్‌ల పనీ పెళ్ళి వంటశాలను తలచుకొంటే సులభంగా బోధపడుతుంది. ప్రాసెసరు వంటమేస్త్రీ వంటిది. ఏ వంటకం తరువాత ఏది, ఉప్పు ఎంత, పులిహోర ఎప్పుడు కలపాలి, అన్నీ తాను నిర్ణయిస్తాడు. ఇటువంటివారు ఆరుగురో ఎనమండుగురో ఉంటే చాలు. గ్రాఫిక్స్ చిప్ కూరలు తరిగే బలగం. ఒక్కొక్కరూ చేసేది చిన్న పనే. అందరూ ఒకేసారి చేస్తారు. ఇక తరగవలసిన కూరలెన్నో చూడండి. 1920 అడ్డం, 1080 నిలువు ఉన్న తెరమీద 20,73,600 చుక్కలున్నాయి. 2560 అడ్డం, 1440 నిలువు తెరమీద 36,86,400. సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చే తెర అయితే ఈ రెండవదానిపై సెకనుకు 53 కోట్ల చుక్కలకు రంగు నిర్ణయించాలి. ఒక్కొక్క బొమ్మకు దొరికే వ్యవధి సెకనులో వెయ్యో వంతులు ఏడు కూడా లేదు. ఇది మేస్త్రీలవల్ల అయ్యే పని కాదు. పదహారుమంది మేస్త్రీలను పిలిచి కత్తిపీట పట్టేవారిని పిలవకపోతే పెళ్ళివారు పస్తుంటారు.

అందుచేత కొనేముందు తల్లిదండ్రులు అడగవలసిన మొదటి ప్రశ్న "ఏ కంపెనీ?" అని గాని "ఎంత స్పీడు?" అని గాని కాదు. "ఏ ఆట?" అని అడగాలి. అడగడంతో ఆగకుండా పిల్లల పక్కన అరగంట కూర్చుని ఆ ఆట చూడమని నా సలహా. ఎందుకంటే అన్ని ఆటలూ ఒకటే భారం వేయవు. మైన్‌క్రాఫ్ట్ మామూలు రూపంలో ఆడే చిన్నదానికి ఖరీదైన కార్డు దండగ. వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 వంటి పోటీ ఆటలలో బొమ్మల హంగు తక్కువ, వేగం ముఖ్యం. అక్కడ ప్రాసెసరుకూ, సెకనుకు ఎక్కువసార్లు బొమ్మ మార్చగల తెరకూ విలువ. 2020లో వచ్చిన సైబర్‌పంక్ 2077 వంటి ఆటలో వాన నీటిలో దీపాల ప్రతిబింబాలు కూడా లెక్కగట్టాలి. అక్కడ కార్డే సర్వస్వం. విమానం నడిపే ఫ్లైట్ సిమ్యులేటరుకు రెండూ కావాలి. ఈ వివరాలు తెలియాలంటే పిల్లలు భయం లేకుండా "నేను ఆడేది ఇదీ" అని చెప్పగలగాలి. చదువు ముసుగు వేసిన ఇంట్లో ఆ సంభాషణే జరగదు.

అమ్మాయిలున్న ఇళ్ళలో ఈ ప్రశ్న అసలే అడగరు. ఆమెకు సన్నని ల్యాప్‌టాప్ చాలని మనమే తీర్మానిస్తాము. ఒకసారి అడిగి చూడండి.

ఆట తెలిసిన తరువాత తెర. చాలామంది తెరను చివర్లో మిగిలిన డబ్బుతో కొంటారు. నా ఉద్దేశంలో అది మొదట తేల్చుకోవలసిన వస్తువు, ఎందుకంటే కార్డు ఎంత గీయాలో నిర్ణయించేది అదే. కాలువ నిండా నీళ్ళున్నా పొలానికి పారేది తూము ఎంత ఉంటే అంత. పాత 60 హెర్ట్జ్ ఆఫీసు తెర ముందు వెయ్యి డాలర్ల కార్డు పెడితే పారేది అరవైయే. మధ్యతరగతి కుటుంబానికి 1440 నిలువు చుక్కల, 144 హెర్ట్జ్ తెర చక్కని మధ్యేమార్గమని నాకు తోస్తుంది. నాలుగువేల చుక్కల తెర చూడముచ్చటగా ఉంటుంది గాని 1080 తెరకు సరిగ్గా నాలుగు రెట్ల చుక్కలు. దాన్ని పోషించడం ఏనుగును కట్టేసుకొన్నట్లే.

ఇక కార్డు. బడ్జెట్టులో పెద్ద పాలు దీనికే పోవాలి. ఇక్కడ కంపెనీలు పెట్టే పేర్లను చూసి కొనేవారు జాగ్రత్తగా ఉండాలి. 2016లో జీటీఎక్స్ 1060 అనే ఒకే పేరుతో రెండు కార్డులు వచ్చాయి. ఒకదానిలో 6 గిగాబైట్లు, రెండవదానిలో 3. తేడా మెమరీ ఒక్కటే కాదు. రెండవదానిలో లెక్కలు చేసే కోర్లు కూడా 1280కి బదులు 1152. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5060 టీఐలోనూ ఇదే తీరు: విడుదలనాటి ధర 8 గిగాబైట్లదానికి 379 డాలర్లు, 16 గిగాబైట్లదానికి 429. కోర్లు సమానమే. పెట్టెమీద పెద్ద అక్షరాల పేరు ఒకటే. కార్డు మెమరీ నిండితే ఆట మధ్యలో బొమ్మ తడబడుతుంది. ఆ మెమరీని తరువాత పెంచుకొనే వీలు లేదు. అప్పట్లో ఆ 50 డాలర్లకు వెనుకాడి 8 తీసుకొన్నవారిని చూస్తే నాకు జాలి కలుగుతుంది. అబ్బాయి నిజంగానే ఏఐ నమూనాలను ఇంట్లో నడిపి చూడదలచుకొంటే అక్కడా మొదట అడ్డుపడేది ఈ కార్డు మెమరీయే. కనుక ఆ సాకును ఈ ఒక్క విషయంలో క్షమించవచ్చు.

ప్రకటనల లెక్కలను కూడా విప్పి చూడాలి. 2025 జనవరిలో ఎన్విడియా అధిపతి జెన్సన్ హ్వాంగ్ వేదికమీద 549 డాలర్ల 5070 కార్డు, అంతకుముందు తరంలో అన్నిటికంటె పెద్దదైన 4090 పాటి పనితనం చూపుతుందని ప్రకటించాడు. ఆ పోలికలో కిటుకు ఉన్నది. కొత్త కార్డు తాను నిజంగా గీసిన ఒక్కొక్క బొమ్మకూ మధ్యలో మూడు దాకా ఊహించి చేర్చగలదు. సెకనుకు లెక్క పెరుగుతుంది, కంటికి కదలిక నునుపుగా కనిపిస్తుంది. కాని చేయి మీట నొక్కినప్పటినుంచి తెరమీద ఫలితం కనిపించేదాకా పట్టే వ్యవధి ఆ ఊహాచిత్రాలవల్ల తగ్గదు. పెరుగులో నీళ్ళు కలిపితే మజ్జిగ ఎక్కువ అవుతుంది, పెరుగు ఎక్కువ కాదు. మజ్జిగ చెడ్డదని నేను అనడం లేదు. పెరుగు ధర ఇవ్వవద్దంటున్నాను.

ఈ సందర్భంలో ఒక సంగతి. ఎన్విడియాకు, ఏఎమ్‌డీకి, మెమరీ తయారుచేసే మైక్రాన్‌కు హైదరాబాదులో ఇంజినీరింగు కేంద్రాలున్నాయి. మన బంధువర్గంలో ఎవరో ఒకరు వాటిలో పనిచేస్తూనే ఉంటారు. వెంటనే ఫోను చేసి "మామయ్యా, ఏది కొనమంటావు?" అని అడగడం సహజం. చిప్‌లో ఏదో ఒక మూల పరీక్షించే మామయ్యకు ఆ మూల క్షుణ్ణంగా తెలుస్తుంది. మీ అబ్బాయి ఆట సంగతి మీ అబ్బాయికే తెలుస్తుంది.

ప్రాసెసరు విషయంలో గిగాహెర్ట్జ్ మోజు వదలుకోవాలి. 2022లో ఏఎమ్‌డీ సంస్థ రైజెన్ 7 5800ఎక్స్3డీ అనే చిప్ విడుదల చేసింది. దాని అన్న 5800ఎక్స్ కంటె దీని గడియారవేగం తక్కువ. అయినా ఆటలలో ఎక్కువచోట్ల అన్నను దాటింది. కారణం చిప్ మీదనే మరొక పొరగా పేర్చిన క్యాష్ మెమరీ. 32 మెగాబైట్లకు బదులు 96. క్యాష్ అంటే పొయ్యి పక్కన పోపులపెట్టె. ఆవాలకోసం ప్రతిసారీ సామాన్ల గదికి, అంటే ర్యాముకు, పరుగెత్తనక్కరలేదు. చేతికందేచోట ఉంటే చేయి కాస్త నిదానమైనా వంట ముందు అవుతుంది. దీని వారసులు 2023లో 7800ఎక్స్3డీ, 2024 నవంబరులో 9800ఎక్స్3డీ. ఇవి మంచివే గాని అందరికీ అక్కరలేదు. కార్డు మధ్యరకానిదైతే ఆరు కోర్ల మామూలు ప్రాసెసరు చాలు. మిగిలిన రెండువందల డాలర్లు కార్డుమీద పెడితే కంటికి కనిపిస్తుంది. ఇంటెల్ చిప్‌లు కొనేవారు, ముఖ్యంగా పాతవి చవకగా దొరికాయని కొనేవారు, 13వ, 14వ తరాల మీది గొడవ తెలుసుకొని ఉండాలి. వాటిలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజీవల్ల క్రమేణా చెడుతున్నాయని తేలి, 2024లో ఆ సంస్థ సవరణ విడుదల చేసి, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. ఆ సవరణ వేయకుండా ఎవరో రెండేళ్ళు వాడిన చిప్ నేనైతే ముట్టను.

మదరుబోర్డు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. మెరిసే దీపాలకు డబ్బు పెట్టకుండా, ముందు ముందు కొత్త ప్రాసెసరు వేసుకొనే వీలున్నదా అని చూడాలి. ఏఎమ్5 సాకెట్టును 2027 వరకూ, ఆపైన కూడా కొనసాగిస్తామని ఏఎమ్‌డీ చెప్పింది. డిస్కు ఎన్‌వీఎమ్ఈ రకానిది ఒక టెరాబైటు. అన్నిటికంటె కొత్త తరానిదే కావాలన్న పట్టుదల ఆటలకు అనవసరం. ర్యాము మాత్రం ఇప్పుడు ఆలోచించి కొనవలసిన వస్తువైపోయింది. ఏఐ డేటా కేంద్రాలు మెమరీ చిప్‌లను మింగేస్తున్నందున 2025 చివరి నెలల్లో ధరలు ఆకాశానికంటాయి. ఆ డిసెంబరులో మైక్రాన్ సంస్థ "క్రూషియల్" పేరిట సామాన్య కొనుగోలుదారులకు అమ్మే వ్యాపారాన్నే విరమిస్తున్నట్లు ప్రకటించింది. ఇటువంటి రోజుల్లో "ఉంటే మంచిదే కదా" అని 64 కొనడం విలాసం. రెండు 16లు, మొత్తం 32 చాలు. ఒకే పెద్ద ముక్క కంటె జంట ముక్కలు వేగంగా పనిచేస్తాయి.

నేను అందరితోనూ పోట్లాడేది పవరు సప్లై దగ్గర. ఇది తెరమీద కనిపించదు, ఆటలో అంకె పెంచదు, స్నేహితులకు చూపుకొనేందుకు పనికిరాదు. కనుక పిల్లలు దీనిలో కోత పెడతారు, తల్లిదండ్రులు గమనించరు. ఇంట్లో పొగ వచ్చే అవకాశం ఉన్న భాగం ఏదైనా ఉంటే అది ఇదే. "80 ప్లస్ గోల్డ్" అన్న ముద్ర చూసి మేలైనదనుకోవడం పొరపాటు. ఆ ముద్ర చెప్పేది గోడనుంచి తీసుకొన్న విద్యుత్తులో ఎంత భాగం వృథా కాకుండా అందిస్తుందన్నది మాత్రమే. అతిభారం పడితే తనంతట తాను ఆగిపోతుందా, లోపలి కెపాసిటర్లు ఎన్నాళ్ళు మన్నుతాయి అన్నది ఆ ముద్ర చెప్పదు. నిష్పాక్షికంగా విప్పి పరీక్షించినవారి నివేదికలు చదివి, ఏడేళ్ళో పదేళ్ళో వారంటీ ఇచ్చేది కొనాలి. కార్డులు రెప్పపాటులో తమ సగటుకు ఎంతో మించి విద్యుత్తు లాగుతాయి. అందుకే 2022లో ఏటీఎక్స్ 3.0 అనే కొత్త ప్రమాణం వచ్చింది. ఆ ప్రమాణానికో, తరువాతి 3.1కో తగినది ఎన్నుకోండి. మరొక మాట పిల్లలకు తప్పక చెప్పండి: ఒక పవరు సప్లై తీగలను మరొకదానికి తగిలించరాదు. కొన ఒకే ఆకారంలో ఉన్నా లోపలి వరుస వేరుగా ఉండవచ్చు. డిస్కులు, బోర్డులు క్షణంలో మాడిపోతాయి. ఆ పెట్టెను ఎన్నడూ విప్పరాదు; తీగ పీకిన తరువాత కూడా లోపల ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది.

అమెరికా ఇళ్ళలో పడకగదికి సాధారణంగా 15 ఆంపియర్ల సర్క్యూటు ఉంటుంది. 120 వోల్టులమీద అది 1800 వాట్లు. 575 వాట్ల 5090 కార్డు పెట్టిన యంత్రం, 1500 వాట్ల గది హీటరు ఒకే సర్క్యూటు మీద నడిస్తే బ్రేకరు పడక తప్పదు. ఆ వాట్లన్నీ చివరికి వేడిగా గదిలోకే వస్తాయి. టెక్సాసులో జూలై నెలలో అబ్బాయి ఆటకు ఒకసారి, ఏసీకి ఒకసారి, రెండుసార్లు కరెంటు బిల్లు కడతారు.

ఎవరు ఎంచాలన్న ప్రశ్న మిగిలింది. మొత్తం ఎంతన్నది తల్లిదండ్రులు తేల్చాలి, కుటుంబ స్థితినిబట్టి. ఆ గీత దాటనివ్వకూడదు. ఆ గీతలోపల ఎంపిక పిల్లలదే కావాలి. ప్రతి భాగానికీ ఎందుకు ఇదే, దీనికంటె చవకది ఎందుకు కాదు అని ఒక్కొక్క వాక్యం రాసి ఇమ్మనండి. తెలుగులో రాయగలిగితే మరీ సంతోషం. సమాధానం లేని భాగం దగ్గర మళ్ళీ వెతకమనండి. ఇలా చేస్తే మీ పిల్లలు ఇంజినీర్లు అవుతారని నేను హామీ ఇవ్వను. నాలుగు మరలు బిగించినంత మాత్రాన ఎవరూ కారు. ఆ ఆశతో కొంటే మళ్ళీ చదువు ముసుగు వేసినట్లే. ఇంట్లో సొమ్ము ఒక మేరకు అప్పగించి, దేనికి ఖర్చుపెట్టావో చెప్పమని పెద్దవారిని అడిగినట్లు అడగడం పదిహేనేళ్ళవారికి మన ఇళ్ళలో అరుదుగా దొరికే గౌరవం. ఆ సంభాషణలోనే "నాన్నా, నేను ఆడేది క్రికెట్, ఫుట్‌బాల్ ఆటలు రెండే" అని తేలిందనుకోండి, టీవీకి తగిలించే ప్లేస్టేషన్ చాలు. అంతటితో మూడోవంతు డబ్బు మిగలవచ్చు.

పాత కంప్యూటరును ఇండియాలో మేనల్లుడికి ఇద్దామనుకొనేవారికి ఒక సూచన. చాలా పాత పెట్టెల వెనుక 115, 230 అని మార్చే ఎర్రని మీట ఉండేది. దాన్ని మార్చకుండా అక్కడి 230 వోల్టులకు తగిలిస్తే అంతే సంగతులు. ఇప్పటి మంచి పవరు సప్లైలు రెండింటికీ తామే సర్దుకొంటాయి. అయినా మీద అచ్చువేసిన అంకెలు చదవండి. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందని కూడా గుర్తుంచుకోవాలి. 11 ఎక్కించలేని యంత్రాన్ని పంపితే ఆ కుర్రవాడి నెత్తిన బరువు పెట్టినట్లే.

భాగాలన్నీ వచ్చి, ఒక శనివారం మధ్యాహ్నం భోజనాలబల్ల మీద బిగించడం పూర్తయిన తరువాత కూడా కొన్నవేగం అంతా రాలేదనిపిస్తే మూడు చోట్ల చూడండి. తెర తీగను మదరుబోర్డుకు కాక గ్రాఫిక్స్ కార్డుకు తగిలించారా? బయోస్‌లో మెమరీ వేగం ఎక్స్‌పో లేదా ఎక్స్‌ఎమ్‌పీ అనేచోట తెరిచారా? విండోస్ అమరికలో తెర ఇంకా 60 దగ్గరే ఉన్నదా, 144కు మార్చారా?